ఊగుడు కుర్చీలు లేని వీధి ఎంత హాయి

శుభవార్త మైకు బండిలో వచ్చింది. ఆ క్షణాన నేను మా ఆయన విల్‌ఫ్రిదో నోట్లో వేడి వేడి అరటికాయ వేపుడు ముక్క పెడుతున్నాను. పెళ్లయి ఇంకా ఏడాది తిరగలేదు కాబట్టి ఇది నేరం కాదు. ముక్క సగం లోపల, సగం బయట ఉండగా మైకు మోగింది: "ఆల్మెండ్రో వీధి వాసులకు అభినందనలు. నగరంలోనే మొట్టమొదటి వృద్ధమిత్ర వీధిగా మీ వీధి ఎంపికైంది."

విల్‌ఫ్రిదో నమలడం మర్చిపోయాడు. ఇద్దరం గుమ్మంలోకి పరిగెత్తాం. బహుమతి వచ్చింది మాకు కాదని తెలుసు, అయినా ఒకళ్లనొకళ్లం కావలించుకున్నాం. ఈ మధ్య మాకు సాకు దొరికితే చాలు.

పాఠకులారా, ఎవరేమనుకున్నా సరే, మొదటే చెప్పేస్తున్నాను. ఒక నగరం తన ముసలివాళ్లకి చేయగలిగిన మహోపకారం ఒక్కటే ఉంది. వాళ్ల కింద నుంచి కుర్చీలు లాగేయడం.

తొందరపడి నన్ను తిట్టకండి. పథకం గురించి వినండి. ముసలివాళ్లు తమ ఇంట్లో, తమ వీధిలో, తమ మనుషుల మధ్యే చివరిదాకా ఉండాలి. ఎక్కడికీ పోనక్కర్లేదు. ఇదీ ఉద్దేశం. దానికి ఏం కావాలి? ఆరోగ్యం. ఆరోగ్యానికి? నడక. నడకకి? ఖాళీ ఫుట్‌పాత్. మరి మా ఫుట్‌పాత్ మీద ఏముంది? సముద్రపు గాలి మొదలవగానే ఇంటింటి ముందూ ఒక ఊగుడు కుర్చీ ఉంటుంది. కుర్చీలో ఎవరుంటారు? ముసలివాళ్లు. కాబట్టి ముసలివాళ్ల కోసం ముసలివాళ్లని ఖాళీ చేయించాలి. నేను కాలేజీలో తర్కశాస్త్రం చదివాను. ఇంత తిన్నని తర్కం పుస్తకంలో కూడా లేదు.

మర్నాడు పురపాలక సంఘం నుంచి యాదిరా అనే ఇంజినీరమ్మ వచ్చింది. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో కొలత టేపు, ముఖం నిండా మర్యాద. మొదట కొలిచింది మా పక్కింటి హెర్మెలిందా కుర్చీని.

హెర్మెలిందా పెళ్లిగౌనులు కుట్టే మనిషి. ఎనభై దాటాయి, ఒక్కతే ఉంటుంది. వీధంతా ఆమెని ఇప్పటికీ "పిల్ల హెర్మే" అనే అంటుంది. ఆ పిలుపు మొదలుపెట్టినవాళ్లందరూ పోయారు, పిలుపు మాత్రం మిగిలింది. నా పెళ్లిగౌను ఆమె ఫుట్‌పాత్ మీద, ఆ కుర్చీలోనే ఊగుతూ కుట్టింది. మెడ ఎంత కిందికి ఉండాలో వీధి వీధంతా చేతులెత్తి తేల్చింది. నాకు ఓటు ఇవ్వలేదు.

"అమ్మా, ఈ కుర్చీ నడిచే వృద్ధులకి అడ్డమండీ," అంది యాదిరా టేపు చాపి.

"వృద్ధులెవరమ్మా?" అంది హెర్మే.

"మీరేనండీ."

"నేను కూర్చున్నాను కదే తల్లీ. మరి నడిచేదెవరు?"

"మీరు లేస్తే నడుస్తారు కదండీ."

"నేను లేస్తే కుర్చీ లోపల పెట్టేసుకుంటాను. ఇంక అడ్డమేముంది?"

యాదిరా ఇంకోసారి కొలిచింది. చదువుకున్నవాళ్లం మేమింతే. జవాబు తోచకపోతే కొలుస్తాం.

సాయంత్రానికల్లా ఫుట్‌పాత్ పొడుగునా పసుపుపచ్చ గీత పడింది. గీతకి ఇవతల కుర్చీ వేస్తే జరిమానా. కుర్చీలన్నీ లోపలికి పోయాయి. వాటితో పాటు మనుషులూ పోయారు.

ఇక లాభాలు చెబుతాను.

అన్నిటికంటే ఎక్కువ లాభం మాకే, అంటే కొత్త దంపతులకి. ఇంతకు ముందు మేమిద్దరం చేతులు పట్టుకుని మూల కొట్టు నుంచి ఇంటికి రావాలంటే గండాలు దాటుకుంటూ రావాలి. మొదటి కుర్చీ: "అబ్బాయ్, చొక్కా ఇస్త్రీ ఎవరు చేశారు, నువ్వా, అదా?" రెండో కుర్చీ: "సంచిలో ఏంటే పిల్లా? కర్రపెండలమా? మొన్నే తిన్నారుగా." మూడో కుర్చీ ఏమీ అడగదు. మా ముఖాలు చూసి నాలుగో కుర్చీకి కన్ను కొడుతుంది. అదే అన్నిటికంటే ప్రమాదం.

ఒకసారి ఇంట్లో ఉయ్యాల మంచం ఎటువైపు కట్టాలి అని మేం దారిలో గొడవపడ్డాం. గొంతులు తగ్గించి, చిరునవ్వులు తెచ్చిపెట్టుకుని, చాలా నాగరికంగానే పడ్డాం. ఇంటికి చేరేసరికి వీధి విచారణ ముగించి తీర్పు చెప్పేసింది. "కిటికీ వైపు కట్టుకోండి. తప్పు వాడిదే, కానీ నువ్వు క్షమించు." క్షమించాను. ఏం చేస్తాను, అప్పీలుకి ఇంకో వీధి లేదు.

ఇప్పుడో? అడిగేవాడు లేడు. మొన్న బకెట్ ఎవరు నింపాలి అని మొదలైన గొడవ మాదే, పూర్తిగా మా సొంతం, మధ్యలో వేలు పెట్టేవాళ్లు లేరు. మూడు రోజులు నడిచింది. ఇంత స్వేచ్ఛ ఎక్కడైనా చూశారా?

రెండో లాభం మోటార్ సైకిళ్లకి. కిరాయికి వెనకాల మనిషిని ఎక్కించుకుని తిప్పే బళ్లు మా ఊళ్లో దోమలకంటే ఎక్కువ. పాపం, ఇన్నాళ్లూ రోడ్డు మీద గుంతల్లో పడిలేస్తూ పోయేవి. ఇప్పుడు నున్నగా, ఖాళీగా, పసుపు గీతతో ముచ్చటగా ఉన్న మా ఫుట్‌పాత్ మీద దూసుకుపోతున్నాయి. ముసలివాళ్లకి ప్రమాదం కాదా అంటారా? వాళ్లు బయటికి వస్తే కదా! ఇంతవరకు ఒక్క వృద్ధుడికీ దెబ్బ తగల్లేదు. పథకం విజయానికి ఇంతకంటే రుజువేం కావాలి?

మూడోది క్రీడారంగ వికాసం. ఎదురెదురు ఇళ్లలో ఉండే అరిస్తీదెస్, నెమేసియో అనే పెద్దమనుషులు ఇదివరకు చెట్టు కింద బల్ల వేసుకుని డామినోలు ఆడేవాళ్లు. రోజూ ఆడే ఆట, రోజూ అవే తిట్లు. ఇప్పుడు ఎవరి కిటికీ దగ్గర వాళ్లు కూర్చుని, ఊచల్లోంచి అరుచుకుంటూ ఆడుతున్నారు. బిళ్ల చూడడానికి అరిస్తీదెస్ దుర్భిణి కొన్నాడు. నెమేసియోకి దుర్భిణి లేదు. ఆయన నమ్మకం మీద ఆడతాడు.

"ఆరు, నాలుగు!"

"చూపించు," అంటాడు అరిస్తీదెస్.

"చూపిస్తున్నాగా, గుడ్డోడా."

"అది వేలురా దొంగ వెధవా. వేలు తియ్."

ఊపిరితిత్తులకి ఎంత వ్యాయామమో చూడండి.

వ్యాయామం అంటే గుర్తొచ్చింది. కుర్చీలకి బదులుగా సంఘంవాళ్లు మూల మీద ఇనుప వ్యాయామ యంత్రం ఒకటి పాతారు. నీడ లేని చోటు చూసి మరీ పాతారు. పొద్దున దాన్ని ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, మధ్యాహ్నం ముట్టుకుంటే ఆత్మ కాలుతుంది. అరెపాలు, అదే మొక్కజొన్న రొట్టెలు, వేయించే ఆవిడ నూనె మూకుడు తీసుకెళ్లి దాని సీటు మీద పెట్టి, పొయ్యి లేకుండానే పని కానిచ్చేస్తోందని వినికిడి. నేను కళ్లారా చూడలేదు. కానీ ఆ అరెపా తిన్నాను. బాగుంది.

కానీ అసలు ఆరోగ్య విప్లవం చూడాలంటే మీరు మొదటి సాయంత్రం మా వీధిలో ఉండాల్సింది.

మా వీధికో పాత అలవాటు ఉంది. గాలి మొదలయ్యే వేళకి ఎవరి కుర్చీ బయటికి రాలేదో, వాళ్ల తలుపు పక్కవాళ్లు తడతారు. దీనికి నియమావళి లేదు, కమిటీ లేదు. కుర్చీ ఉంటే మనిషి బాగున్నట్టు. లేకపోతే కాదు. పోయిన వానాకాలంలో ఓ సాయంత్రం హెర్మే కుర్చీ రాలేదు. అరిస్తీదెస్ చేతిలో బిళ్ల బల్ల మీద పడేసి వెళ్లాడు. హెర్మే స్నానాల గదిలో జారిపడి ఉంది. కాలు విరగలేదు, పరువే కాస్త విరిగింది. "గెలిచే ఆట వదులుకుని వచ్చాను" అని అరిస్తీదెస్ ఇప్పటికీ ఆమెని దెప్పుతూ ఉంటాడు.

అలాంటి వీధిలో, గీత గీసిన రోజు సాయంత్రం, గాలి వీచింది. ఒక్క కుర్చీ కూడా బయటికి రాలేదు.

ఎందుకు రాలేదో అందరికీ తెలుసు. అయినా అలవాటు బుర్ర మాట వింటుందా? కిటికీలోంచి ఒకళ్లు తొంగి చూశారు. పక్కింటి ముందు కుర్చీ లేదు. చెప్పులేసుకుని పరిగెత్తారు. పక్కింటివాళ్లూ అప్పుడే తమ పక్కింటి ముందు కుర్చీ లేదని చూసి అటు పరిగెత్తారు. పది నిమిషాల్లో వీధిలోని ముసలివాళ్లెవరూ తమ ఇళ్లలో లేరు. అందరూ ఎవరో ఒకరి తలుపు బాదుతున్నారు. తలుపు తీసేవాళ్లు లేరు, వాళ్లు ఇంకొకరి తలుపు బాదుతున్నారు. తీయకపోయేసరికి భయం రెట్టింపైంది. ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. ఎవరో సూప్ తెచ్చారు. ఎవరో ఫాదర్‌ని పిలవమన్నారు.

"హెర్మే తలుపు తీయట్లేదు!" అని వినబడింది.

అంతే. మా ఆయన కొత్త పెళ్లికొడుకు, నేను చూస్తున్నాను, పైగా వీధంతా చూస్తోంది. వెనక్కి వెళ్లి, పరిగెత్తుకొచ్చి, భుజంతో తలుపుని గుద్దాడు. తలుపు పాతది, పాపం ఎదురు చెప్పలేదు. తలుపూ ఆయనా కలిసి లోపల పడ్డారు. లోపల చీకట్లో ఎవరో చీపురుతో మా ఆయన్ని బాదడం మొదలుపెట్టారు.

అరిస్తీదెస్. హెర్మే కుర్చీ రాలేదని పెరటి గోడ దూకి, వెనక గుమ్మంలోంచి లోపలికి వచ్చాడట. దొంగలు పడ్డారనుకున్నాడు.

"ఆపండి, నేను విల్‌ఫ్రిదోని!"

"దొంగలందరూ అలాగే అంటారు," అని ఇంకో రెండు వేశాడు.

ఇంతలో వీధి చివర నుంచి హెర్మే నడుచుకుంటూ వచ్చింది. ఆమె అరిస్తీదెస్ కుర్చీ కనబడలేదని ఆయన ఇంటికి వెళ్లి, తట్టి తట్టి, చేతులు నొప్పెట్టి వస్తోంది. గుమ్మం ముందు ఆగింది. లోపలికి చూసింది. బయటికి చూసింది.

"నా తలుపు ఏదిరా?" అంది.

మా ఆయన భుజం వాచింది. నేను వారం రోజులు ఆ భుజానికి కాపడం పెట్టాను. ఎంత బాగుందో చెప్పలేను. కొత్త దంపతులకి ఇంత చక్కని అవకాశం ఏ ప్రభుత్వం ఇచ్చింది?

ఈ సంగతి సంఘంవాళ్ల చెవిన పడింది. వాళ్లు ఊరుకున్నారా? ఒంటరిగా ఉండే పెద్దలందరికీ మెడలో వేసుకునే ఎర్ర మీట ఇచ్చారు. ఆపద వస్తే నొక్కాలి. హెర్మే అక్కడికక్కడే నొక్కి చూసింది. తీయని ఆడగొంతు పలికింది: "మీ క్షేమం మాకు ముఖ్యం. మా మిత్రులందరూ ఇతరులతో మాట్లాడుతున్నారు. దయచేసి వేచి ఉండండి." తర్వాత పాట మొదలైంది. మంచి కుంబియా, కాళ్లు ఆడించే పాట. హెర్మే వంటింట్లో నాలుగు అడుగులు వేసింది. ఇప్పుడు రోజూ సాయంత్రం, ఇదివరకు కుర్చీ వేసుకునే వేళకి, మీట నొక్కుకుంటుంది. ఇంతవరకు మిత్రులెవరూ రాలేదు కానీ పాటలు మాత్రం మారుస్తున్నారు.

ఇక అందరికంటే ఎక్కువ లాభపడింది ఓటిలియా.

ఓటిలియా హెర్మే చెల్లెలు. చలి ఊరు బొగొతాలో ఉంటుంది, అక్కకంటే నాలుగేళ్లే చిన్న, అధికారంలో మాత్రం చాలా పెద్ద. రోజూ సాయంత్రం నాకు ఫోను చేసేది. అక్కకి చేయదు. అక్క అబద్ధాలాడుతుంది, జ్వరమొచ్చినా బాగున్నానంటుంది. అందుకని నాకు.

"కుర్చీ బయట ఉందా?"

"ఉంది ఓటిలియా గారూ."

టక్కున పెట్టేసేది. ఎలా ఉన్నావు లేదు, తిన్నావా లేదు. ఆ ఒక్క ముక్కతో ఆమె హాయిగా నిద్రపోయేది. కుర్చీ బయట ఉందంటే అక్క లేచింది, తల దువ్వుకుంది, కుర్చీ మోసే ఓపిక ఉంది, చుట్టూ నలుగురున్నారు. ఇంతకంటే డాక్టరు ఏం చెబుతాడు?

ఇప్పుడు నేను "లేదండీ" అంటున్నాను. గీత సంగతి చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది, రెండు రోజులు. మూడో రోజు అంది:

"నాకు గీతలూ పథకాలూ తెలీవమ్మాయ్. కుర్చీ లేదు, అది బాగుందో లేదో నాకు తెలీదు. నాకు నిద్ర పట్టట్లేదు. శనివారం విమానానికి దానికి టికెట్టు తీసుకున్నాను. దాని స్వెట్టర్లు సర్దు."

"ఆమెకి స్వెట్టర్లు లేవండీ. ఇక్కడ ఉడికిపోతాం."

"అయితే నావి వేసుకుంటుంది. పదకొండో అంతస్తు. లిఫ్టుంది, కాపలావాడున్నాడు, కెమెరా ఉంది."

హెర్మేకి చెప్పాను. సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కించి, కొసన ముడి వేసింది.

"పదకొండో అంతస్తులో కుర్చీ బయట వేస్తే ఎక్కడ పడతానే?" అంది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. సగం కుట్టిన గౌను మడిచి పెట్టెలో పెట్టింది. అది మూల కొట్టువాళ్ల అమ్మాయిది. వచ్చే నెల పెళ్లి. "మెడ సంగతి ఎవరు తేలుస్తారో ఏమో," అంది.

చూశారా పాఠకులారా? పెద్దలు తమ వీధిలోనే ఉండాలన్న పథకం ఎంత చక్కగా పని చేస్తోందో. వృద్ధమిత్ర వీధి నుంచి మొదటి వృద్ధురాలు శనివారం బయల్దేరుతోంది. ఇలాగే నడిస్తే ఏడాదిలో వీధి నూటికి నూరుపాళ్లు వృద్ధమిత్రం అవుతుంది. వృద్ధులే ఉండరు, ఇంక శత్రుత్వం ఎవరితో?

నా రచన ఇక్కడ ముగించి, సంఘానికి జేజేలు పలికి, సెలవు తీసుకుందామనుకున్నాను. కానీ ఇవాళ పొద్దున యాదిరా మళ్లీ వచ్చింది. ఈసారి టేపు లేదు. కేకు తెచ్చింది.

"రేపు సాయంత్రం ఐదింటికి ప్రారంభోత్సవమండీ," అంది. "సంఘం పెద్దలొస్తున్నారు. టీవీవాళ్లు కూడా."

"శుభం," అన్నాడు అరిస్తీదెస్, చీపురు వీరుడు.

"చిన్న ఇబ్బంది. అతిథులు కూర్చోవాలి. ప్లాస్టిక్ కుర్చీలు ఫొటోలో బాగుండవట. మన సంప్రదాయం కనబడాలని పైవాళ్లు అంటున్నారు." గొంతు సవరించుకుంది. "మీ ఊగుడు కుర్చీలు ఒక్క పూటకి అరువిస్తారా?"

ఎదుటి కిటికీలో నెమేసియో బిళ్ల చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఎక్కడ వేస్తారమ్మా?" అంది హెర్మే.

"ఇక్కడే. ఫుట్‌పాత్ మీద."

"గీతకి ఇవతలా?"

"ఇవతలే."

"మరి నడిచేవాళ్లకి అడ్డం కాదూ?" అన్నాడు అరిస్తీదెస్.

యాదిరా ముఖం ఎర్రబడింది. నిజం చెప్పాలంటే ఆ పిల్ల చెడ్డది కాదు. గీత గీసిన రోజు ముసలివాళ్ల కుర్చీలు తనే మోసుకెళ్లి లోపల పెట్టింది. "మా అమ్మమ్మ కూడా బయటే కూర్చునేది," అంది మెల్లగా, నేల చూస్తూ. "నన్నేం చెయ్యమంటారు?"

"ఏం చెయ్యకు. కేకు తిను," అంది హెర్మే. "కుర్చీలు ఇస్తాం. అన్నీ ఇస్తాం. తుడిచి మరీ ఇస్తాం."

అంత తేలిగ్గా ఒప్పుకోవడం చూసి నాకు అనుమానం వేసింది. నా పెళ్లిగౌను మెడ దగ్గర ఒక్క అంగుళానికి ఒప్పుకోని మనిషి ఆవిడ.

యాదిరా వెళ్లగానే వీధంతా హెర్మే గుమ్మంలో చేరింది. తలుపు ఎలాగూ సరిగ్గా పడట్లేదు కాబట్టి తట్టే పని లేకపోయింది. అక్కడ నిర్ణయమైన సంగతి మీకు చెప్పమన్నారు. ఇది రహస్యం కాదు, ఆహ్వానం.

ప్రారంభోత్సవం ఐదింటికి. మా కుర్చీలు రేపు నాలుగింటికే బయటికి వస్తాయి, అడిగినట్టే, గీతకి ఇవతల, తుడిచి. సంప్రదాయం కనబడాలన్నారు కాబట్టి వాటిలో మనుషుల్ని కూడా పెడుతున్నాం. మనిషి లేని ఊగుడు కుర్చీ ఏం సంప్రదాయం? హెర్మే తన చోట కూర్చుని ఆ గౌను మెడ కుడుతుంది. అభిప్రాయాలు చెప్పాలనుకున్నవాళ్లు చెప్పొచ్చు. డామినోల బల్ల చెట్టు కిందికి వస్తుంది. దుర్భిణి ఇంట్లో ఉంటుంది.

మా ఆయనా నేనూ రెండు కుర్చీలు కొన్నాం. భుజం నొప్పితోనే ఆయన ఇవాళంతా వాటికి రంగు వేశాడు, నీలం. నేను చెయ్యి వేస్తే పెయింటు అంటుకుంది, ఆయన ముక్కుకి రాశాను. రేపు మేమూ కూర్చుంటాం. చొక్కా ఇస్త్రీ చేసింది ఎవరో అడగండి. బకెట్ గొడవలో తప్పెవరిదో తేల్చండి. మూడు రోజులు ఎవరూ తేల్చకపోతే మేం ఏమైపోయామో మీకు తెలీదు.

"మరి ఎప్పుడు లేస్తాం?" అని హెర్మేని అడిగాను.

"గాలి ఆగాక," అంది.

"ఎల్లుండి మళ్లీ గాలి వస్తుందిగా?"

"వస్తే రానీ. నేనేం ఆపుతానా?"

అతిథులకి కుర్చీల సంగతి ఏమిటంటారా? వాళ్లు నిలబడొచ్చు. విసుగేస్తే అటూ ఇటూ నడవొచ్చు. ఆరోగ్యానికి నడకే మంచిదని చెప్పింది వాళ్లేగా. మరీ కాళ్లు లాగితే ఆ మూల ఇనుప యంత్రం ఉంది. నాలుగింటి ఎండలో కూర్చుని చూడమనండి.

రేపు సాయంత్రం ఓటిలియా ఫోను చేస్తుంది. నా జవాబు ఇప్పటినుంచే నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. ఒక్కటే మాట.

కాబట్టి పాఠకులారా, రేపు నాలుగింటికి, ఆల్మెండ్రో వీధిలో. మీ కుర్చీ మీరే తెచ్చుకోండి.